పాఠం 12: ఒకేలా కనిపించే మంచినీటి చేపలు – గుర్తుపట్టే పద్ధతి

12.1 పరిచయం

వానలు పడ్డాయి. ఊరి చెరువు నిండింది. మీ మత్స్యకార సంఘం ఆ చెరువును పాటలో దక్కించుకుంది. తలా కొంత వేసుకుని చేపపిల్లలు కొనడానికి డబ్బు సిద్ధం చేశారు. ఒక ఉదయం వ్యాను వచ్చి గట్టు మీద ఆగింది. గాలి నింపిన ప్లాస్టిక్ సంచుల్లో పిల్లలు గిలగిలా కదులుతున్నాయి. "బొచ్చె, రోహు, ఎర్రమోసు, మీరు చెప్పిన లెక్క ప్రకారమే తెచ్చాం. ఇక్కడ సంతకం పెట్టండి" అన్నాడు తెచ్చినవాడు.

మీరు సంచిలోకి చూశారు. అన్నీ వేలెడంత పొడవే. అన్నీ వెండిలా మెరుస్తున్నాయి. ఏది బొచ్చె? ఏది ఎర్రమోసు? సంతకం పెట్టాలా, వద్దా?

ఈ ప్రశ్నకు జవాబు ఆ రోజు తెలియకపోతే వేసవిలో వల లాగినప్పుడు తెలుస్తుంది. అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండదు. చెరువుకు కట్టిన పాట డబ్బు, మేత ఖర్చు, పది నెలల కాపలా అన్నీ అయిపోయి ఉంటాయి.

చేపను చూసి పేరు చెప్పడం పుట్టుకతో వచ్చే విద్య కాదు. నీటి పక్కనే పెరిగినవారు కూడా పొరపడుతుంటారు. చూడవలసిన చోట, చూడవలసిన క్రమంలో చూస్తే ఎవరైనా నేర్చుకోగలరు. ఆ క్రమాన్నే ఈ పాఠంలో నేర్చుకుందాం.

12.2 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
– చేపను గుర్తించడానికి రంగు, పరిమాణం ఎందుకు చాలవో చెప్పగలుగుతారు.
– బొచ్చె, రోహు, ఎర్రమోసు చేపల మధ్య తేడాలను గుర్తించగలుగుతారు.
– వెండిచేప, గడ్డిచేపలను మన చేపల నుంచి వేరు చేయగలుగుతారు.
– కొర్రమీనును మట్టగిడస, పూమేనుల నుంచి వేరు చేయగలుగుతారు.
– మార్పు, ఇంగిలాయి చేపల తేడాను తెలుసుకుని జాగ్రత్త పడగలుగుతారు.
– కొన్న చేపపిల్లల్లో ఏ జాతి ఎంత ఉందో నమూనా తీసి లెక్క కట్టగలుగుతారు.

12.3 రంగును ఎందుకు నమ్మకూడదు?

మనం మనిషిని గుర్తుపట్టేటప్పుడు చొక్కా రంగు చూడం, ముఖం చూస్తాం. చొక్కా రోజూ మారుతుంది. చేప రంగు కూడా అలాంటిదే. బురద నీటిలో పెరిగిన చేప పాలిపోయి ఉంటుంది. తేట నీటిలో, నాచు మధ్య పెరిగిన అదే జాతి చేప ముదురు రంగులో ఉంటుంది. చచ్చి మంచులో పడుకున్న చేప రంగు ఇంకా మారిపోతుంది.

పరిమాణం కూడా మోసం చేస్తుంది. జానెడు పొడవున్న చేప ఒక జాతిలో పిల్ల కావచ్చు, మరో జాతిలో ముసలిది కావచ్చు.

ఇక పేర్ల సంగతి. ఒకే చేపకు ఊరికో పేరు ఉంటుంది. రోహును కోస్తాలో చాలామంది శీలావతి అంటారు. బొచ్చెను పుస్తకాలలో కట్ల అని రాస్తారు. ఎర్రమోసును మ్రిగాల అని కూడా అంటారు. పేరు మారినా చేప మారదు. అందుకే శాస్త్రవేత్తలు ప్రతి జాతికీ ప్రపంచమంతటా చెల్లే ఒక శాస్త్రీయ నామం పెట్టారు. ఉదాహరణకు రోహు శాస్త్రీయ నామం 'లేబియో రోహిత'. మీ ఊళ్లో ఏ పేరుతో పిలిచినా అది లేబియో రోహితే.

మరి ఏం చూడాలి? వయసుతోనూ నీటితోనూ తేలికగా మారని అవయవాలను చూడాలి. అవి ఇవి:

1. నోరు: పైకి తెరుచుకుంటుందా, ముందుకా, కిందికా?
2. పెదవులు: నున్నగా ఉన్నాయా, అంచున కుచ్చుల్లా ఉన్నాయా?
3. మీసాలు: ఉన్నాయా? ఎన్ని జతలు?
4. వీపు రెక్క: పొట్టిదా, పొడవైనదా? అందులో పుల్లలు ఎన్ని? పాఠ్యపుస్తకాలలో రెక్కను వాజం అనీ, పుల్లలను కిరణాలు అనీ రాస్తారు.
5. పొలుసులు: పెద్దవా, చిన్నవా, అసలు లేవా?
6. పొట్ట అంచు: గుండ్రంగా ఉందా, కత్తి అంచులా ఉందా?
7. తోక మొదలు: తోక రెక్క మొదలయ్యే సన్నని చోట మచ్చ ఉందా?

ఎప్పుడూ నోటి దగ్గర మొదలుపెట్టి తోక దగ్గర ముగించండి. రోజూ ఒకే క్రమంలో చూస్తే ఏ గుర్తూ మరిచిపోరు.

పాఠ్యాంతర ప్రశ్నలు – 1
(అ) చేప రంగు మారడానికి రెండు కారణాలు రాయండి.
(ఆ) శాస్త్రీయ నామం వల్ల ఉపయోగం ఏమిటి?

12.4 బొచ్చె, రోహు, ఎర్రమోసు

ఈ మూడూ గంగ, బ్రహ్మపుత్ర వంటి ఉత్తరాది నదుల చేపలు. ఇవాళ దేశమంతటా చెరువులలో పెంచుతున్నారు. కొల్లేరు పరిసరాల చెరువులలో పెరిగిన చేపలు లారీలలో కలకత్తా వరకు, అస్సాం వరకు వెళతాయి. ఈ మూడింటినీ కలిపి పెంచడానికి ఒక మంచి కారణం ఉంది.

చెరువును మూడంతస్తుల ఇల్లు అనుకోండి. బొచ్చె పై అంతస్తులో ఉంటుంది. నీటి పైభాగంలో తేలే సూక్ష్మజీవులను తింటుంది. రోహు నడిమి అంతస్తులో మేస్తుంది. ఎర్రమోసు అడుగున ఉండి, కుళ్లిన ఆకు అలము, బురదలోని ఆహారం తింటుంది. ఒకదాని కంచంలో మరొకటి చేయి పెట్టదు. అందువల్ల చెరువులోని ఆహారమంతా చేపగా మారుతుంది.

ఈ విషయం గుర్తుంటే గుర్తుపట్టడం సగం వచ్చినట్లే. ఎందుకంటే ప్రతి చేప నోరూ అది తినే చోటుకు తగినట్లు ఉంటుంది.

బొచ్చె: నోరు వెడల్పుగా ఉండి పైకి తెరుచుకుంటుంది. కింది దవడ ముందుకు పొడుచుకు వస్తుంది. తల చాలా పెద్దది. దూరం నుంచి చూసినా తలే ముందు కనిపిస్తుంది. మీసాలు లేవు. వీపు రెక్క పొడవైనది. అందులో 17 లేదా అంతకన్నా ఎక్కువ పుల్లలు ఉంటాయి.

రోహు: నోరు కొంచెం కిందికి ఉంటుంది. ముక్కు మొద్దుగా నోటిపైకి వచ్చి ఉంటుంది. పెదవులు మందంగా ఉండి, అంచున కుచ్చులు కుట్టినట్లు ఉంటాయి. పెద్ద చేపలో చాలా పొలుసుల మీద ఎర్రని ఛాయ ఉంటుంది. చిన్న మీసాలు ఒక జత ఉంటాయి. కాని అవి నోటి పక్కన గాడిలో దాగి ఉంటాయి. వేలితో పెదవిని మెల్లగా లాగితే కాని కనిపించవు. "కనబడలేదు కాబట్టి లేవు" అని తొందరపడవద్దు.

ఎర్రమోసు: ఒళ్లు సన్నగా, పొడుగ్గా ఉంటుంది. తల చిన్నది. నోరు వెడల్పుగా, కిందివైపు ఉంటుంది. పెదవులు పలుచగా, నున్నగా ఉంటాయి, కుచ్చులు ఉండవు. ముక్కు దగ్గర ఒక జత పొట్టి మీసాలు ఉంటాయి. తోక లోతుగా చీలి ఉంటుంది.

ఇప్పుడు ఒక విషయం ఆలోచించండి. రోహు వీపు రెక్కలో 15 లేదా 16 పుల్లలు ఉంటాయి. ఎర్రమోసులోనూ అంతే. పక్కగీత, అంటే మొప్ప నుంచి తోక దాకా ఒంటి మీద కనిపించే సన్నని గీత, దాని వెంట ఉన్న పొలుసులు లెక్కపెడితే మూడు జాతులలోనూ దాదాపు 40 నుంచి 45 లోపే వస్తాయి. కష్టపడి లెక్కపెట్టినా తేడా తెలియదు. అంటే ఏ గుర్తు పడితే ఆ గుర్తు పనికి రాదు. ఏ రెండు చేపల మధ్య సందేహం వచ్చిందో ఆ రెండింటిలో వేరుగా ఉన్న గుర్తునే చూడాలి. బొచ్చెను తల, నోరు పట్టిస్తాయి. రోహు, ఎర్రమోసుల మధ్య సందేహం వస్తే పెదవులు చూడాలి.

వీటికి దగ్గరి చుట్టం నల్లగండుమీను. దీనినే కాల్బాసు అంటారు. ఒళ్లు నల్లగా ఉంటుంది. పెదవులు రోహు పెదవుల్లా కుచ్చులుగా ఉంటాయి. కాని దీనికి స్పష్టంగా కనిపించే మీసాలు రెండు జతలు ఉంటాయి. నల్లబడ్డ రోహును నల్లగండుమీను అనుకుంటున్నారేమో మీసాలు చూసి నిర్ధారించుకోండి.

12.5 వేలెడు పిల్లలను గుర్తించడం

పెద్ద చేపలో తేలిగ్గా కనిపించే గుర్తులు పిల్లలో అంత తేలిగ్గా కనిపించవు. అయినా దారి ఉంది.

ఒక తెల్లని పళ్లెంలో లేదా గాజు గ్లాసులో చెరువు నీరు పోయండి. చేతిని తడిపి, ఒక్కొక్క పిల్లను అందులో వదలండి. పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి జిగురు పోయి పిల్లకు జబ్బు చేస్తుంది. నీటిలో ఉండగానే పక్కనుంచి చూడండి.

– తల పెద్దగా ఉండి, నోరు పైకి ఉంటే, తోక మొదట స్పష్టమైన మచ్చ లేకపోతే అది బొచ్చె.
– తోక మొదట అడ్డంగా నల్లని పట్టీ లాంటి మచ్చ ఉంటే, పెదవి అంచు కుచ్చులుగా ఉంటే అది రోహు.
– ఒళ్లు సన్నగా ఉండి, తోక మొదట మూడు మూలల నల్లని మచ్చ ఉంటే అది ఎర్రమోసు.

పిల్ల పెరిగే కొద్దీ ఈ మచ్చలు మాసిపోతాయి. బురద నీటి నుంచి వచ్చిన పిల్లల్లో మచ్చ పాలిపోయి ఉండవచ్చు. కాబట్టి మచ్చ ఒక్కదానితో తీర్పు చెప్పకండి. మచ్చ, నోరు, ఒంటి ఆకారం మూడూ ఒకే మాట చెబితే నమ్మండి.

పూర్వం ఈ పని ఇంకా కష్టంగా ఉండేది. వరద రోజులలో నదుల నుంచి చేపపిల్లలను పట్టి తెచ్చేవారు. ఆ నీటిలో మంచి జాతులు, పనికిరాని జాతులు, పిల్లలను తినే జాతులు అన్నీ కలిసి ఉండేవి. 1957 జూలై 10న ఒడిషాలోని అంగుల్‌లో డాక్టర్ హీరాలాల్ చౌధురి, ఆయన సహచరులు హార్మోను ఇంజక్షన్‌తో ఈ చేపల చేత గుడ్లు పెట్టించడంలో విజయం సాధించారు. అప్పటి నుంచి కావలసిన జాతి పిల్లలను కేంద్రాలలోనే ఉత్పత్తి చేసే దారి తెరుచుకుంది. అందుకే జూలై 10ని దేశంలో చేపల రైతుల దినంగా జరుపుతారు.

అయితే పిల్లలు కేంద్రం నుంచి వచ్చినంత మాత్రాన కల్తీ లేదని అనుకోకూడదు. ఒకే తొట్టిలో బొచ్చె, రోహు తల్లిచేపలను కలిపి గుడ్లు పెట్టిస్తే రెండింటికీ పుట్టిన సంకర పిల్లలు వస్తాయి. వాటి తల బొచ్చె తల కన్నా చిన్నగా, రోహు తల కన్నా పెద్దగా ఉంటుంది. ఇలాంటి పిల్లలను తరువాత తల్లిచేపలుగా వాడితే జాతి చెడుతుంది. వరదలో చెరువు గట్టు తెగి ఇవి నదిలోకి చేరితే నదిలోని అసలు జాతికీ నష్టమే. "ఇది ఏదో తేల్చలేకపోతున్నాను" అనిపించిన పిల్లలను వేరే గిన్నెలో వేసి ఉంచండి. తేల్చలేనివి ఎక్కువగా ఉండడం కూడా ఒక హెచ్చరికే.

12.6 నమూనా తీసి లెక్క కట్టడం

పదివేల పిల్లలను ఒక్కొక్కటిగా చూడడం ఎవరి వల్లా కాదు. అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి నాలుగు మెతుకులు పట్టి చూస్తాం కదా! ఇక్కడా అంతే. అయితే మెతుకులు అన్ని వైపుల నుంచీ తీయాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక సంఘం 10,000 పిల్లలు కావాలని చెప్పిందనుకుందాం. నూటికి బొచ్చె 40, రోహు 30, ఎర్రమోసు 30 చొప్పున ఇవ్వాలని ఒప్పందం. సభ్యులు వేరువేరు సంచుల నుంచి కొన్ని కొన్ని తీసి, మొత్తం 100 పిల్లలను చూశారు. ఇలా తేలింది:

బొచ్చె – 18
రోహు – 27
ఎర్రమోసు – 50
తేల్చలేనివి – 5

ఈ లెక్కన మొత్తం 10,000లో బొచ్చె సుమారు 1,800 మాత్రమే. ఉండవలసినవి 4,000. ఎర్రమోసు సుమారు 5,000. ఉండవలసినవి 3,000. ఇప్పుడు మన మూడంతస్తుల ఇంటిని గుర్తు తెచ్చుకోండి. పై అంతస్తు సగం ఖాళీ. అక్కడి ఆహారం తినేవారు లేరు. కింది అంతస్తులో ముగ్గురు ఉండాల్సిన చోట ఐదుగురు. అందరికీ అర్ధాకలి. చేపలు ఎదగవు. పైగా బజారులో సాధారణంగా ఎర్రమోసుకు బొచ్చె, రోహులంత ధర రాదు. నష్టం రెండు వైపుల నుంచీ వస్తుంది.

నమూనా తీసేటప్పుడు ఈ జాగ్రత్తలు పాటించండి:
– ఒకే సంచి నుంచి తీయవద్దు. కనీసం నాలుగైదు సంచుల నుంచి తీయండి.
– పిల్లలు తొట్టిలో ఉంటే పై నీరు మాత్రమే ముంచవద్దు. అడుగు నుంచి కూడా ముంచండి. అడుగున ఉండే జాతి అడుగునే ఉంటుంది.
– నూటికి 40 రావలసిన చోట 36 వచ్చిందని గొడవ పడకండి. చిన్న నమూనాలో అంత తేడా సహజం. మరో రెండుసార్లు వందేసి చూసి, మూడింటి సగటు తీయండి.
– సగటులో కూడా పెద్ద తేడా ఉంటే చెరువులో వదలకముందే, సంతకం పెట్టకముందే అడగండి. చెరువులో కలిసిన తరువాత ఏ మాటకూ రుజువు ఉండదు.

పాఠ్యాంతర ప్రశ్నలు – 2
(అ) రోహు, ఎర్రమోసుల మధ్య సందేహం వస్తే ఏ అవయవం చూడాలి?
(ఆ) వీపు రెక్క పుల్లల లెక్క ఆ రెండింటినీ వేరు చేయడానికి ఎందుకు పనికిరాదు?
(ఇ) 100 పిల్లల నమూనాలో రోహు 24 ఉంటే 5,000 పిల్లలలో సుమారు ఎన్ని ఉంటాయి?

12.7 వెండిచేప, గడ్డిచేప, బంగారుతీగ

వెండిచేప, గడ్డిచేపలను 1959లో మన దేశానికి తెచ్చారు. ఇవి చైనా ప్రాంతపు చేపలు. బంగారుతీగ కూడా బయటి నుంచి వచ్చినదే.

బొచ్చెనా, వెండిచేపా? రెండింటికీ నోరు పైకే ఉంటుంది. రెండూ నీటి పైభాగంలోనే మేస్తాయి. అందుకే పొరపాటు జరుగుతుంది. పొలుసులు చూడండి. బొచ్చె పొలుసులు పెద్దవి, విడివిడిగా లెక్కపెట్టవచ్చు. వెండిచేప పొలుసులు మరీ చిన్నవి. కన్ను చూడండి. వెండిచేప కన్ను తల మధ్యగీత కన్నా కిందికి ఉంటుంది. పొట్ట కింద వేలితో రాయండి. వెండిచేపలో గొంతు నుంచి మలద్వారం వరకు కత్తి అంచులా తగులుతుంది. బొచ్చె పొట్ట గుండ్రంగా ఉంటుంది. రెండూ ఒకే అంతస్తు చేపలు కాబట్టి, వెండిచేప ఎక్కువైతే బొచ్చె ఎదుగుదల తగ్గుతుంది. ఈ తేడా తెలియడం అందుకే ముఖ్యం.

ఎర్రమోసా, గడ్డిచేపా? రెండింటికీ ఒళ్లు పొడవే. వీపు రెక్క చూడండి. గడ్డిచేప రెక్క పొట్టిది, పుల్లలు పది దాకా ఉంటాయి. ఎర్రమోసు రెక్కలో 15 లేదా 16 ఉంటాయి. గడ్డిచేపకు మీసాలు లేవు.

నల్లగండుమీనా, బంగారుతీగా? రెండింటికీ మీసాలు రెండేసి జతలే. బంగారుతీగ వీపు రెక్క ముందు భాగంలో రంపపు పళ్లున్న గట్టి ముల్లు ఉంటుంది. నల్లగండుమీనుకు అది లేదు. బంగారుతీగ చెరువులోనే గుడ్లు పెట్టి పెరిగిపోతుంది. గట్ల మట్టిని కూడా తవ్వుతుంది. కోరి వేసుకున్నప్పుడు పరవాలేదు. తెలియకుండా వస్తే చిక్కే.

12.8 కొర్రమీను, మట్టగిడస, పూమేను

కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప. మృగశిర కార్తె నాడు చేప తినే ఆచారం ఉన్నచోట దీనికి గిరాకీ ఇంతా అంతా కాదు. ధర కూడా ఎక్కువ. అందుకే దీని పేరు చెప్పి వేరే చేపలను అంటగట్టే అవకాశం ఉంది.

ఈ మూడింటికీ పాము తలలాంటి తల, పొడవైన వీపు రెక్క ఉంటాయి. మూడూ నీటి పైకి వచ్చి గాలి పీలుస్తాయి. అందుకే బజారులో తొట్లలో ప్రాణంతో కనిపిస్తాయి.

ఇక్కడే పరిమాణం మనల్ని మోసం చేస్తుంది. మట్టగిడస చిన్న జాతి. సాధారణంగా జానెడు, అంతకన్నా కొంచెం పెద్దగా ఉంటుంది. జానెడు కొర్రమీను మాత్రం ఇంకా పిల్లే. రెండింటినీ పక్కపక్కన పెడితే అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. పిల్ల కొర్రమీను అనుకుని మట్టగిడసలను కొని చెరువులో వేస్తే ఎంత మేపినా కొర్రమీనంత కావు.

అందుకని వీపు రెక్కను వెలుతురుకు ఎదురుగా విప్పి పుల్లలు లెక్కపెట్టండి:

మట్టగిడస – 28 నుంచి 33 వరకు
కొర్రమీను – 37 నుంచి 46 వరకు
పూమేను – 45 నుంచి 55 వరకు

మట్టగిడస లెక్క, కొర్రమీను లెక్క ఎక్కడా కలవవు. 34 దాటలేదంటే అది కొర్రమీను కాదు. బొచ్చె విషయంలో అంతగా అవసరం లేని లెక్క ఇక్కడ తీర్పు చెబుతోంది చూశారా!

కొర్రమీను, పూమేను లెక్కలు మాత్రం 45, 46 దగ్గర కలుస్తాయి. అప్పుడు తోక మొదలు చూడండి. పూమేనుకు, ముఖ్యంగా వయసులో చిన్నదానికి, తోక మొదట పైభాగంలో కన్నులాంటి నల్లని గుండ్రని మచ్చ, చుట్టూ నారింజ రంగు అంచు ఉంటాయి. కొర్రమీనుకు ఆ కన్ను ఉండదు. ఇంకా సందేహం ఉంటే పక్కగీత వెంట పొలుసులు లెక్కపెట్టండి. కొర్రమీనులో 50 నుంచి 57 వరకు, పూమేనులో 60 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటాయి.

12.9 మార్పు, ఇంగిలాయి

ఈ రెండింటికీ పొలుసులు లేవు. ఒళ్లు జారుతుంది. మీసాలు నాలుగేసి జతలు. రెండూ గాలి పీల్చగలవు. బురద గుంటలలో కలిసే దొరుకుతాయి.

తేడా వీపు మీద ఉంది. మార్పు వీపు రెక్క తల వెనుక మొదలై దాదాపు తోక దాకా సాగుతుంది. ఇంగిలాయి వీపు రెక్క చాలా చిన్నది, ఆరేడు పుల్లలతో ఒంటి ముందు భాగంలోనే ఉంటుంది.

ఈ తేడా మీ చేతికి సంబంధించినది. ఇంగిలాయి మొప్పల పక్కనున్న రెక్క ముల్లులో విషం ఉంటుంది. గుచ్చుకుంటే భరించలేని నొప్పి, వాపు వస్తాయి. మార్పు ముల్లు కూడా గుచ్చుకుంటుంది కాబట్టి రెండింటినీ జాగ్రత్తగానే పట్టాలి. కాని ఇంగిలాయిని వట్టి చేత్తో అసలు పట్టవద్దు. పిల్లలను ముట్టుకోనివ్వవద్దు. గుచ్చుకుంటే గాయాన్ని కడిగి, చర్మం కాలకుండా భరించగలిగినంత వేడి నీటిలో ఆ భాగాన్ని ఉంచితే నొప్పి తగ్గుతుంది. తరువాత తప్పకుండా డాక్టరుకు చూపించండి.

మార్పు పేరుతో మరో చేప కూడా బజారుకు వస్తుంది. అది ఆఫ్రికా జాతి. దాని వీపు రెక్క కూడా పొడవే. అది ఇతర చేపలను, చేపపిల్లలను తినేస్తుంది. వరదలో తప్పించుకుంటే మన వాగులలోని చేపలకే ముప్పు. అందుకే మన దేశంలో దాని పెంపకాన్ని నిషేధించారు. ఈ నిషేధాన్ని గట్టిగా అమలు చేయాలని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా ఆదేశించింది. పిల్లల దశలో ఈ రెండింటినీ వేరు చేయడం కష్టం. అయితే మన మార్పు చిన్న చేప. సాధారణంగా కిలో కన్నా చాలా తక్కువ తూగుతుంది. రెండు, మూడు కిలోల 'మార్పు' కనిపిస్తే అది మనది కాదని తెలుసుకోండి. తక్కువ ధరకు వస్తున్నాయని, ఎక్కడివో తెలియని మార్పు పిల్లలను కొనకండి. సందేహం ఉంటే మత్స్యశాఖ కార్యాలయంలో చూపించి అడగండి.

పాఠ్యాంతర ప్రశ్నలు – 3
(అ) వీపు రెక్కలో 31 పుల్లలున్న పాముతల చేప ఏది?
(ఆ) ఇంగిలాయిని మార్పు నుంచి ఎలా వేరు చేస్తారు?

12.10 చేసి చూడండి

ఈ వారం చేపల బజారుకు వెళ్లినప్పుడు ఒక కాగితం, పెన్సిలు తీసుకువెళ్లండి. ఏవైనా మూడు చేపలను ఎంచుకోండి. పేరు అడగకుండా ముందు ఏడు గుర్తులూ వరుసగా రాసుకోండి. మీకు తోచిన పేరు రాయండి. తరువాత అమ్మే అమ్మనో, అన్ననో పేరు అడగండి. రెండు పేర్లూ కలవకపోతే మరోసారి చేపను చూడండి. నాలుగు వారాలు ఇలా చేస్తే మీ కన్ను కుదురుకుంటుంది.

12.11 మీరు ఏం నేర్చుకున్నారు?

– రంగు, పరిమాణం, ఊరి పేరు: ఈ మూడూ చేపను గుర్తించడానికి చాలవు.
– నోరు, పెదవులు, మీసాలు, వీపు రెక్క, పొలుసులు, పొట్ట, తోక మొదలు: ఈ క్రమంలో చూడాలి.
– ఒక చోట పనికొచ్చిన గుర్తు మరో చోట పనికి రాకపోవచ్చు. సందేహం ఉన్న రెండు జాతుల మధ్య వేరుగా ఉన్న గుర్తునే ఎంచుకోవాలి.
– ఒక్క గుర్తుతో తీర్పు చెప్పకూడదు. రెండు, మూడు గుర్తులు కలవాలి.
– చేపపిల్లలను చెరువులో వదలకముందే నమూనా తీసి లెక్క చూసుకోవాలి.

12.12 పాఠాంత ప్రశ్నలు

1. బొచ్చె, రోహు, ఎర్రమోసు చేపల నోటి ఆకారానికీ అవి మేసే చోటుకూ ఉన్న సంబంధాన్ని వివరించండి.
2. బొచ్చెను, వెండిచేపను వేరు చేసే మూడు గుర్తులు రాయండి.
3. "చిన్నగా ఉంది కాబట్టి ఇది పిల్ల కొర్రమీను" అని మీ మిత్రుడు అన్నాడు. మీరు ఏమి చూసి ఆ మాట సరైనదో కాదో తేలుస్తారు?
4. మీ సంఘం 8,000 పిల్లలు కొన్నది. మూడు నమూనాలలో బొచ్చె నూటికి 22, 26, 24 చొప్పున వచ్చింది. ఒప్పందం నూటికి 40. మొత్తంలో బొచ్చె సుమారు ఎన్ని? ఎన్ని తక్కువ? మీరు ఏం చేస్తారు?

12.13 పాఠ్యాంతర ప్రశ్నలకు జవాబులు

1. (అ) పెరిగిన నీరు బురదగానో తేటగానో ఉండడం. చచ్చిన తరువాత మంచులో ఉంచడం. (ఆ) ఊరూరా పేరు మారినా ఏ జాతి చేపో అందరికీ ఒకేలా తెలుస్తుంది.
2. (అ) పెదవులు. రోహుకు కుచ్చులు ఉంటాయి, ఎర్రమోసుకు ఉండవు. (ఆ) రెండింటిలోనూ 15 లేదా 16 పుల్లలే ఉంటాయి. (ఇ) సుమారు 1,200.
3. (అ) మట్టగిడస. (ఆ) ఇంగిలాయి వీపు రెక్క చాలా చిన్నది. మార్పు వీపు రెక్క దాదాపు తోక దాకా ఉంటుంది.

పాఠాంత ప్రశ్న 4కు సూచన: మూడు నమూనాల సగటు 24. మొత్తంలో బొచ్చె సుమారు 1,920. ఉండవలసినవి 3,200. అంటే సుమారు 1,280 తక్కువ. చివరి ప్రశ్నకు జవాబు మీరే రాయండి. రాసేముందు పాఠం మొదట్లో గట్టు మీద ఆగిన వ్యానును ఒకసారి గుర్తు తెచ్చుకోండి.